కాశీలో ఏం వదిలారు స్వామీ?

రండర్రా, రండి. దీపం కాస్త తగ్గించు శేషూ. పాపాయీ, ఆ కాళ్ళు నా పొట్టలో పెట్టకు, ఇటు తిప్పుకో.

కథ చెప్పడం నాకు చేతకాదని మీ తాత ఎప్పుడూ అనేవారు. నా కథలో రాజు వేటకి బయల్దేరితే, తిరిగొచ్చేసరికి యువరాజుకి మనవలు పుట్టేస్తారుట. నిజమేలే. నేనేం బళ్ళో చదివానా పాడా, వీధరుగులే నాకు బడి. దారి తప్పితే మీరే చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకురండి. ఊ మాత్రం కొట్టండి. మీరు కొట్టకపోతే నాకే నిద్దరొచ్చేస్తుంది, కథ నడిగోదాట్లో ఆగిపోతుంది.

అనగనగా ఒక లంక. రావణాసురుడి లంక కాదురా, గోదారి మధ్యన నాలుగు వైపులా నీళ్ళున్న ఊరు. వరదొచ్చి పోయినప్పుడల్లా ఒండ్రు మేట వేస్తే, ఆ ఒండ్రులో వంకాయలు కాసేవి. నల్లగా, లేతగా, గోరు గుచ్చితే నీళ్ళొచ్చేటట్టు. ఆ లంకలో ఆదెమ్మ అని ఒకావిడ. ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు నాగేసు. నాగేసు పెళ్ళాం నూకరత్నం. వాళ్ళకో పిల్ల, బుల్లెమ్మ. పాపాయంతే ఉంటుంది, ముక్కు కూడా పాపాయిలాగే కారుతూ ఉంటుంది.

ఒక శ్రావణమాసంలో నాగేసు వంకాయ గంపలు పడవలో వేసుకుని సంతకి బయల్దేరాడు. ఏట్లో సుడి తిరిగి పడవ బోల్తా కొట్టింది. గంపలు ఒడ్డుకొచ్చాయి. వంకాయలు ఒడ్డుకొచ్చాయి. నాగేసు రాలేదు.

ఊ కొడుతున్నారా? కొట్టండమ్మా. ఇంకా చీకటుంది కథలో.

ఆదెమ్మ అన్నం మానేసింది. ఎవరో చెబితే ఏరు దాటి పేరయ్య తాత దగ్గరికి వెళ్ళింది. ఆయన ఒక పాకలో ఉండే ముసలాయన. దేవుడి గురించి ఏదన్నా అడగాలంటే జనం ఆయన దగ్గరికి వెళ్ళేవారు. చూస్తే గురువని ఎవరూ అనుకోరు. పంచెకి మాసికలు, నోట్లో రెండు పళ్ళు, పక్కింటి మేకల మీద కేకలు. ఎవరొచ్చినా ముందు, అన్నం తిన్నావా అని అడుగుతాడు. ఆదెమ్మ ఆయన కాళ్ళ మీద పడి, నా కొడుకు ఇప్పుడెక్కడున్నాడయ్యా అని అడిగింది. ఆయన ఆవిణ్ణి లేవదీసి కూచోబెట్టాట్ట. "నాకు తెలీదు తల్లీ. చూడనిది చూశానని నీకు చెప్పలేను" అన్నాట్ట. అని, తనూ ఏడ్చాట్ట.

ఆదెమ్మకి ఒళ్ళు మండిపోయింది. తెలీదన్న ముక్క నాకు తెలీదూ, దానికి ఏరు దాటి రావాలా అనుకుంటూ వెనక్కొచ్చేసింది.

అదిగో, అప్పుడొచ్చాడు స్వామి. కాశీ నుంచి వచ్చాట్ట. పెద్ద పడవ, పెద్ద గొడుగు, పెద్ద జడలు, పెద్ద బొజ్జ. పేరు సర్వత్యాగానంద. నా బోసినోటికి అంత పేరు పట్టదు గానీ, ఉత్త స్వామి అందాం. నవ్వకండి, నేనక్కడుంటే మొదటి వరసలో కూచునేదాన్ని. నా చిన్నప్పుడు మా ఊరు ఒక స్వామి వస్తే తోసుకుంటూ వెళ్ళి తల వంచాను. ఆయన నా నెత్తిన చెయ్యి పెట్టాడు. ఆయన జ్ఞానం నాకెక్కలేదు, నా పేలు ఆయనకెక్కాయి.

సరే, ఒక సంగతి చెప్పాలి మీకు. మనవాళ్ళు కాశీకి వెళితే గంగ ఒడ్డున తమకిష్టమైన కాయో పండో వదిలేసి వస్తారు. ఇక ఆ జన్మలో దాన్ని ముట్టుకోరు. మీ ముత్తాత వెళ్ళి కాకరకాయ వదిలేసి వచ్చారు. అసలు ఎప్పుడన్నా తింటే కదా ఆయన! మా అమ్మ ఆయనతో ఆర్నెల్లు మాట్లాడలేదు.

స్వామి ఏమన్నాడంటే, ఈ లంక జనం కాశీకి అంత దూరం నడవక్కర్లేదు, కాశీయే నాతో వచ్చింది, వదిలేది నా దగ్గర వదలండి అన్నాడు. ఏటి ఒడ్డున ఒక పెద్ద పాక వేయించుకుని, అదే మఠమన్నాడు. మీ ముత్తాతలాంటి వాడొకడు కాకరకాయ వదలబోతే కళ్ళెర్రజేశాడు. ఇష్టం లేనిది వదిలితే పుణ్యం కాదు, పాపం అన్నాడు. ఇంకేముంది! సూరమ్మ పనసపండు వదిలింది, పనసపండు మఠానికెళ్ళింది. గవర్రాజు బెల్లం వదిలాడు, బెల్లం మఠానికెళ్ళింది. చినపోలమ్మ మీగడ పెరుగు వదిలింది, పెరుగూ మఠానికెళ్ళింది, పెరుగు వెనకాలే గేదే మఠానికెళ్ళింది. ఊళ్ళో విస్తళ్ళు చిన్నవయ్యాయి, మఠంలో విస్తరి పెద్దదయింది.

గంగ ఒడ్డున వదిలింది ఎవరి నోట్లోకీ పోదర్రా. స్వామి దగ్గర వదిలింది స్వామి నోట్లోకి పోయింది. ఇంత తేడా అంత ఊరికీ కనపడలేదు. భక్తో మరి, ఎండదెబ్బో.

ఆదెమ్మ కూడా వెళ్ళింది. నా కొడుకు ఎక్కడున్నాడని అడిగింది. ఈ స్వామికి తెలియనిదంటూ లేదు కదా! చూసినట్టే చెప్పాడు. నీ కొడుకు ఆకలితో తిరుగుతున్నాడు, నీళ్ళ మీద తిరుగుతున్నాడు, వాడికిష్టమైనది వండి తెస్తే నేను తింటాను, నేను తింటే వాడు తిన్నట్టే అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఇంట్లో ఎవరూ ఏడవకూడదు, ఏడిస్తే వాడు వెళ్ళే దారంతా తడిసి కాలు జారతాడు అన్నాడు.

నాగేసుకి గుత్తివంకాయంటే ప్రాణం. ఆదెమ్మ రోజూ తెల్లారకుండానే లేచి లేత వంకాయలు కోసి, కారం కూరి, చిన్న మంట మీద మగ్గపెట్టి, కంచుగిన్నెలో మఠానికి తీసుకెళ్ళేది. స్వామి కళ్ళు మూసుకుని తినేవాడు. ఆదెమ్మ మొహం వెలిగిపోతూ ఇంటికొచ్చి, "ఇవాళ మళ్ళీ అడిగి వేయించుకున్నాడే రత్నం" అనేది. ఎవరు అత్తా అని నూకరత్నం అడగలేదు. ఎలా అడుగుతుంది? అత్త మళ్ళీ అన్నం తింటోంది, మళ్ళీ తల దువ్వుకుంటోంది. నూకరత్నానికి ఏడుపొస్తే వంకాయ తోటలోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడేది.

ఊ కొట్టవేం పాపాయీ? నిద్దరొస్తోందా, దిగులేస్తోందా?

కొన్నాళ్ళకి ఆదెమ్మకి తిండి పెట్టడం చాల్లేదు. వాడి చేత ఒక్క మాట మాట్లాడించండి అని స్వామిని పట్టుకుంది. ఏకాదశి వెళ్ళాలన్నాడు. ఏకాదశి వెళ్ళింది. గ్రహణం విడవాలన్నాడు. గ్రహణం విడిచింది. ఇక చెప్పడానికేం లేక, నీకు బాగా ఇష్టమైనది ఒకటి నువ్వింకా వదల్లేదు, అదే వాడి గొంతుకి అడ్డం పడుతోంది అన్నాడు. ఏమిటదంటే, నీ మనవరాలు అన్నాడు. పున్నమికి నేను ఉత్తరాదికి వెళ్ళిపోతున్నాను, పిల్లని మఠానికి ధారపొయ్యి, నాతో తీసుకుపోతాను, ఆ పడవ కదిలే వేళ నీ కొడుకు నిన్ను అమ్మా అని పిలుస్తాడు అన్నాడు.

ఆదెమ్మ ఇంటికొచ్చి కోడలికి చెప్పింది.

"అది నా బిడ్డ అత్తా" అంది నూకరత్నం.

"వాడు నా బిడ్డే" అంది ఆదెమ్మ.



నూకరత్నం ఏరు దాటి పేరయ్య తాత దగ్గరికి పరిగెత్తింది. మా ఊరొచ్చి ఆ స్వామి దొంగని పదిమందిలో చెప్పు తాతా అని కాళ్ళావేళ్ళా పడింది. తాత ఏమన్నాడు? నేను చెబితే ఒక ముసలాడికి ఇంకో ముసలాడి మీద కుళ్ళనుకుంటారమ్మా అన్నాడు. నీ అత్త నమ్మకం మీద రాయి వేస్తే పగిలేది ఆవిడ తలే అన్నాడు. వచ్చి కూచోమంటే కూచుంటాను, అంతకన్నా నాకేం చేతకాదు అన్నాడు. నూకరత్నానికి తల తిరిగిపోయింది. ఒకడికి అన్నీ తెలుసు, ఒకడికి ఏమీ తెలీదు, ఇద్దరి మధ్యా నా పిల్ల ఏట్లో కొట్టుకుపోతోంది అనుకుంది.

తాత మాత్రం ఎప్పట్లాగే ఆకు వేసి, కూచోమని అన్నం పెట్టాడు. కూర గరిటెతో తీసి, వడ్డించబోయి ఆగాడు. "ఆనపకాయ తింటావా తల్లీ? నోముకో మొక్కుకో ఏమన్నా వదిలావా?" అని అడిగాడు. ఏ ఇంట్లోనైనా కొత్త మనిషికి వడ్డించేటప్పుడు అడిగే మాటే. అందులో వింతేం లేదు. కానీ నూకరత్నం ముద్ద చేతిలో పట్టుకుని అలా ఉండిపోయింది. కాశీ వెళ్ళొచ్చిన మనిషి గుమ్మంలోకొస్తే ఏ ఇల్లాలైనా మొట్టమొదట అడిగేది అదే కదా! ఇన్నాళ్ళూ ఆ స్వామిని ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు అడగలేదు. ఊరంతా తామేం వదలాలా అన్న గొడవలోనే ఉండిపోయింది.

పున్నమినాడు మఠంలో సంతర్పణ. మిట్టమధ్యాహ్నం బారులు తీరి విస్తళ్ళు వేశారు. బుల్లెమ్మకి నూనె పెట్టి జడ వేసి, కొత్త పరికిణీ కట్టి స్వామి పక్కన కూచోబెట్టారు. పిల్ల మెడలో దండ దానికన్నా బరువుగా ఉంది. ఆదెమ్మ కంచుగిన్నె పట్టుకుని స్వామి వెనకాల నిలబడింది. పేరయ్య తాత వచ్చి చెప్పులు విడిచే చోట చతికిలపడ్డాడు.

నూకరత్నం కొంగు నడుముకి దోపి గరిటె పట్టుకుని వచ్చింది. స్వామి ముందు వంగి, ఎంతో మర్యాదగా, "వడ్డనలో అపచారం జరగకూడదు కదండీ. కాశీలో తమరేం వదిలారో సెలవిస్తే అది విస్తట్లో వెయ్యం" అంది.

స్వామి చిరునవ్వు నవ్వి సర్వమూ వదిలేశామన్నాడు.

"సర్వం వదిలినవాళ్ళకి నా పిల్లెందుకండీ?" అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది నూకరత్నానికి. మింగేసింది. పక్కనున్న ముసలమ్మలు అందుకున్నారు. ఓసోస్, సర్వం అందరూ చెప్పేదే, గంగ ఒడ్డున ఫలానా అని ఒకటి వదులుతారు కదండీ అన్నారు. నేను పొట్లకాయ అందొకావిడ. నేను సీతాఫలం, ఇప్పటికీ చూస్తే నోరూరుతుంది అందింకో ఆవిడ.

స్వామి ఇరుకున పడ్డాడు. కాకరకాయ అనడానికి లేదు, ఇష్టం లేనిది వదిలితే పాపమని తనే చెప్పాడాయె. కళ్ళు మూసుకుని ఆకాశంకేసి మొహమెత్తి, గంభీరంగా అన్నాడు: "లోకంలో మాకన్నిటికన్నా ఇష్టమైనది వంకాయ. గంగమ్మ సాక్షిగా వదిలాం. అది మొదలు నాలిక మీద పెట్టలేదు."

గరిటెలన్నీ ఆగిపోయాయి.

ఎక్కడో ఒక పిల్లాడు కిసుక్కుమన్నాడు. స్వామి కళ్ళు తెరిచి జనం మొహాలు చూసి, ఏదో తేడా వచ్చిందని కనిపెట్టాడు. తిన్నది మేము కాదు, మా లోపలి పరబ్రహ్మం అన్నాడు. ఏమనుకున్నారు, సగం ఊరు తలూపింది! నిజం, తలూపింది.

ఆదెమ్మ ముందుకొచ్చింది. కోపంగా కాదు, మెల్లిగా అడిగింది.

"నాగేసు తింటున్నాడన్నావు కదా నాయనా?"

స్వామి ఆవిడకేసి చూశాడు. గుర్తు తెచ్చుకుందామని చూశాడు. ఆదెమ్మ ఆ మొహంలో మొత్తం చదివేసింది. రోజూ తెల్లారకుండా లేచి వండి తెచ్చినది ఏ కూరో కూడా వాడికి గుర్తు లేదు. నోరు ఆడించాడంతే. ఆ నోటి వెనకాల నాగేసు లేడు.

గిన్నె కింద పెట్టింది. బుల్లెమ్మ మెడలో దండ తీసి విస్తట్లో వేసింది.

"లేవే అమ్మా, ఇంటికి పోదాం. మీ నాన్న లేడు" అంది.

ఏమిట్రా శేషూ? స్వామిని కొట్టారా అంటావా? లేదు నాన్నా. సంతర్పణ ఆగలేదు కూడా. సగం ఊరు కూచుని శుభ్రంగా భోంచేసింది. స్వామి తన పడవలో తను వెళ్ళిపోయాడు, బెల్లం దిమ్మలు మర్చిపోకుండా. నూకరత్నం అడ్డుపుల్ల వెయ్యకపోతే నాగేసు పలికేవాడేనని ఆ లంకలో ఇప్పటికీ అనేవాళ్ళున్నారుట.

ఆదెమ్మ ఇంటికొచ్చి గడప మీద కూలబడింది. "రెండోసారి పోయాడే రత్నం" అంది. మొదటిసారి ఏరు తీసుకుపోతే, ఈసారి తనే వదిలేసి వచ్చింది. అప్పుడు అత్తా కోడలూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని, అన్నాళ్ళ ఏడుపూ ఏడ్చారు. పేరయ్య తాత వెనకాలే వచ్చి వాకిట్లో మట్టి మీద కూచున్నాడు. ఓ వేదాంతం చెప్పలేదు, ఓ పద్యం చదవలేదు. వాళ్ళ ఏడుపు అయ్యేదాకా ఉండి, లేచి పొయ్యి రాజేసి గంజి కాచాడు.

కథ చివర అందరూ సుఖంగా ఉన్నారనాలి కదూ? ఉన్నార్లే. కాస్త ఆలస్యంగా ఉన్నారు. బుల్లెమ్మ పెరిగి పెద్దదై తల్లి పక్కనే వంకాయలు కోసింది.

మంచి గురువెవరో ఎలా తెలుస్తుందని నన్నడక్కండి. పేలు ఎక్కించినదాన్ని, నాకేం తెలుసు. ఒక్కటి మాత్రం చూసుకోండి. మీ చేత వదిలించింది తన ఇంటికి మోయించుకుంటున్నాడా అని చూడండి. మీ దుఃఖం మీద కూచుని ఎత్తుగా కనపడేవాణ్ణి నమ్మకండి. పక్కన కింద కూచునేవాడు దొరికితే వదులుకోకండి.

కథ పడవెక్కి కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి పోదాం. పాపాయీ, ఏడుస్తున్నావా? ఏడవ్వే తల్లీ. ఇలా దగ్గరికి రా, నా కొంగు ఉంది.