నాలుగో జ్వరం

మడకశిర పక్కపల్లెలో పట్టుపురుగులు మేపే ఇంట్లో భువన అని ఒక పిల్ల ఉండేది. ఏది చూసినా పదిమందికి చూపిస్తే గానీ దానికి ముద్ద దిగేది కాదు.

దానికి పద్నాలుగో ఏడు. వాళ్ళ జేజి సిద్దమ్మదే పురుగులింటి పెత్తనమంతా. పురుగులకి తెగులు సోకకుండా, ఎవరొచ్చినా గుమ్మం ముందు సున్నం తొక్కి, చేతులు కడుక్కుంటేనే లోపలికి రానిచ్చేది. ఈసారి ఒక తట్ట పురుగుల్ని మనవరాలికి ఇచ్చేసింది.

"ఇవి నీవి. ఆకు నువ్వే వెయ్యాల, చెత్త నువ్వే తియ్యాల. బాగా గూళ్ళు కట్టినాయంటే వచ్చే పంటకి సగం పురుగులిల్లు నీ చేతికిస్తా," అంది.

భువన ఎగిరి గంతేసింది. ఆ పెత్తనం వాళ్ళమ్మకే ఇంతవరకు దక్కలేదు మరి.

ఒకరోజు పురుగులు ఆకు తింటుంటే వాన పడినట్టు చప్పుడొచ్చింది. భువన తన అమ్మ ఫోన్ తీసుకుని వీడియో తీసింది. మధ్యలో తన మొహం కూడా చూపించి నెట్లో పెట్టింది. తెల్లారేసరికి వేలమంది చూశారు.

జేజికి వింతగా అనిపించింది. "ఇంతమందా! ఎవురే వీళ్ళంతా?"

"తెల్లేదు జేజీ."

"మనల్ని ఎరుగుదురా?"

"ఊహూ."

"మరి దాంట్లోకి పోయేటప్పుడు నిన్నెవురూ ఏమీ అడగలేదా?"

"వయసు అడిగింది. పద్దెనిమిది అని కొట్టినా. లేకుంటే రానియ్యదు."

సిద్దమ్మ నవ్వింది. "గడప దగ్గరే అబద్ధం చెప్పిస్తుందా? అదేం ఇల్లే తల్లీ! మన పురుగుల దగ్గరికి రావాలంటే సున్నమన్నా తొక్కాల."

ఇంకో రెండు రోజులకి పురుగులు మేత మానేశాయి. తలలెత్తి, కదలకుండా ఉండిపోయాయి. తోలు మార్చుకునే ముందు పట్టుపురుగు అట్లాగే ఉంటుంది. దాన్ని జ్వరం అంటారు. గూడు కట్టేలోపు నాలుగు జ్వరాలు వస్తాయి. ఇది నాలుగోది, ఆఖరిది.

"ఈరోజు ఆకు లేదు, అలికిడి లేదు. రేపు అవే లేస్తాయి. అంతదాకా వేలు కూడా పెట్టొద్దు," అంది జేజి.

"పెడితే ఏమవుతుంది?"

"ఒకసారి పెట్టినోళ్ళు మళ్ళా పెట్టలేదులే," అని జేజి తోటలోకి ఆకు కోయడానికి వెళ్ళింది.

భువన ఊరుకోలేదు. కదలని పురుగుల్నే వీడియో తీసి పెట్టింది. దాని కింద మాటలు మొదలయ్యాయి. చచ్చిపోయాయా అని ఒకరు. మొన్నటిది దొంగ వీడియో అని ఇంకొకరు. "ఆ పురుగులే నయం, నీ మొహం మీద ఆ మొటిమలేంది?" అని ఒకడు. ఆ మాట కింద వరసగా నవ్వే బొమ్మలు.

భువన అద్దం దగ్గరికి పోయింది. తిరిగొచ్చి ఫోన్ చూసింది. మళ్ళీ అద్దం దగ్గరికి పోయింది. ఎట్లాగైనా వాళ్ళ నోళ్ళు మూయించాలనుకుంది. ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో ఆకు కాడ పట్టుకుని పురుగుల్ని ఒక్కొక్కదాన్నే పొడిచింది. అవి తలలు ఆడించాయి.

"చూడండి, బతికే ఉన్నాయి!" అంది.

మళ్ళీ వేలమంది చూశారు. నవ్వే బొమ్మలు మాత్రం తగ్గలేదు.

మర్నాడు అన్ని తట్టల్లోనూ పురుగులు లేచి ఆకు మీద పడ్డాయి. వాన చప్పుడు మొదలైంది. భువన తట్ట ఒక్కటే మూగగా ఉంది. పాత తోలు సగం ఊడి, నడుముకి బిగుసుకుని, చాలా పురుగులు నల్లబడిపోయాయి.

సిద్దమ్మ తట్టని వెలుతురులోకి లాగింది. "ఎవురు ముట్టినారు?"

"నేనే. చచ్చినాయన్నారు జేజీ, అందుకే..."

"అన్నదెవురు?"

"తెల్లేదు."

"యా ఊరు?"

"తెల్లేదు."

"ఊరూ పేరూ లేనోడు అంటే కన్నబిడ్డల్లాగా మేపినవాటిని పొడిచినావా!"

భువన ఏడ్చింది. మొటిమల మాట కూడా అప్పుడే బయటపెట్టింది.

జేజి ఇంక తిట్టలేదు. ఓదార్చనూ లేదు. ఒక పురుగుని అరచేతిలో పెట్టి చూపించింది.

"జ్వరానికి పోయే ముందు ఇది సన్నటి దారంతో పాత తోలుని కిందున్న ఆకుకి కట్టేసుకుంటుంది. ఆ పట్టుతోనే మెల్లగా దాంట్లోంచి బయటికి పాకుతుంది. నువ్వు కదిలించినావు, దారం తెగింది. ఇంక తోలు ఊడదు."

భువన ముక్కు తుడుచుకుంది. "ఆగి, రెండు రోజుల తర్వాత కదిలించి ఉంటే?"

"ఏమీ కాదు. తోలు గట్టిపడినాక ఆకుతో సహా ఎత్తి పక్కన పెట్టినా దాని మానాన అది మేస్తుంది."

భువన చెంప మీది మొటిమ తడుముకుంది. "అయితే నాకిప్పుడు ఎన్నో జ్వరం జేజీ?"

సిద్దమ్మకి నవ్వొచ్చింది. "అద్దం వదలకుండా తిరుగుతున్నావంటే నాలుగోదే అయ్యుంటుంది."

నెట్లో ఉన్న ఖాతాని భువన తనే తీసేసింది. సగం ఇల్లు మాత్రం దాని చేతికి రాలేదు. జేజి మాటంటే మాటే. తట్టలో మిగిలిన కాసిన్ని పురుగులకి భువనే ఆకు వేసింది. అవి తింటుంటే తుంపర పడినట్టు చప్పుడొచ్చింది. చెయ్యి ఫోన్ కోసం పోయింది. సగంలో ఆగింది. ఆ చప్పుడు తనొక్కతే కూర్చుని వింది.

పురుగుకైనా పిల్లకైనా తోలు మారే వయసొకటి ఉంటుంది. కొత్త తోలు గట్టిపడేదాకా ముక్కూమొహం తెలియని పదిమంది చేతికి వాళ్ళని అందనియ్యకూడదు.