చిలకల దీవికి దీపం తెచ్చినవాడు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు, ఒకటే దీపం. కొడుకులకన్నా దీపమంటేనే ఆయనకు ప్రాణం. "దీనికి మొక్కినవాళ్ళు చచ్చాక వెలుగులో కలుస్తారు. మొక్కనివాళ్ళు చీకట్లో పడతారు" అనేవాడు. నీకెవరు చెప్పారయ్యా అని అడిగేవాడు ఆ రాజ్యంలో లేడు. అడిగినవాడు ఒకడున్నాడు గానీ, అడిగాక లేడు.

ఏడు సముద్రాల అవతల చిలకల దీవి ఉందనీ, అక్కడివాళ్ళు దీపమే ఎరగరనీ రాజుకు తెలిసింది. పెద్దకొడుకు రణకేతును పిలిచి, "వెళ్ళి వాళ్ళను వెలుగులోకి తీసుకురా" అన్నాడు.

ఆ దీవిలో ఒక ఆచారం ఉంది పిల్లలూ. మనిషి పోతే చిలకై తిరిగొస్తాడని వాళ్ళ నమ్మకం. పొద్దున్నే ఎవరి గుమ్మం ముందు వాళ్ళు గుప్పెడు నూకలు పట్టుకుని నిలబడతారు. చిలకలు వచ్చి అరచేతిలోంచే తింటాయి. అవి తింటున్నంతసేపూ ఇంట్లో సంగతులు చెబుతారు. చిలకను కొట్టరు, పంజరంలో పెట్టరు. ఇది కనిపెట్టి, కొండమీది మాంత్రికుడు కరాళుడు తన ప్రాణాన్ని ఒక చిలకలో దాచుకున్నాడు. ఏ రాజు కోటలోనూ అంత భద్రమైన చోటు దొరకదు మరి.

రణకేతు దిగీదిగగానే చెట్లకు నిప్పు పెట్టించాడు. చిలకలు పొగకు రాలిపోతుంటే, తన ప్రాణానికే ఎసరొచ్చిందని కరాళుడు అతణ్ణి రాయి చేశాడు. రెండోవాడు శూరకేతు వచ్చి చిలకలన్నిటి మీదా వల వేయబోయాడు. అతడూ రాయయ్యాడు.

కబురు విని రాజు ఏడవలేదు. "మూడోవాడున్నాడుగా" అన్నాడు. రాణి మాత్రం చిన్నకొడుకు చేతులు పట్టుకుని, "నీ అన్నలను తీసుకురా నాయనా, దీపం సంగతి తర్వాత" అంది.

మూడోవాడు మధుకేతు మంచివాడు. చీమను కూడా తొక్కడు. నోరు తెరిస్తే తేనె. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఏడో సముద్రంలో వలలో చిక్కిన ఒక తాబేలును అతడు విడిపించాడు. తాబేలు అంది: "కరాళుడు చస్తేగానీ నీ అన్నలు లేవరు. వాడి ప్రాణం కుంటి చిలకలో ఉంది. ఆ చిలక ముత్తి అనే ముసలమ్మ చేతికి తప్ప ఎవరి చేతికీ రాదు. ఆమెను ఉన్నదున్నట్టు అడుగు."

"అడిగితే ఇస్తుందా?"

"అడిగితే కదా తెలిసేది" అని తాబేలు మునిగిపోయింది.

ముత్తికి ఒక్కతే కూతురు, గవ్వ. పుట్టుకతోనే కుంటిది. పన్నెండేళ్ళ కిందట చనిపోయింది. కుంటి చిలకే గవ్వ అని ముత్తి నమ్మకం. మధుకేతు ఆలోచించాడు. బిడ్డ అనుకున్నదాన్ని ఏ తల్లి ఇస్తుంది? ముందు ఆ భ్రమ పోగొడితే మిగిలేది పిట్టే. స్వామికార్యమూ స్వకార్యమూ రెండూ నెరవేరతాయి. ఉన్నదున్నట్టు అడగలేదు.

మొదటిరోజు ఆమెకు నీళ్ళు మోసిపెట్టి దీపం చూపించాడు. ముత్తి నవ్వి ఊరుకుంది. రెండోరోజు కట్టెలు కొట్టిపెట్టి వెలుగు గురించి చెప్పాడు. ముత్తి విని ఊరుకుంది. మూడోరోజు, "అవ్వా, అది నూకల కోసం వచ్చే పిట్ట. రేపు వట్టి చెయ్యి చాపి చూడు. పిట్టేనని తేలితే నాకిచ్చెయ్యి" అన్నాడు.

మర్నాడు ముత్తి వట్టి చెయ్యి చాచి నిలబడింది. చిలక వచ్చింది, చేతిలోకి చూసింది, ఎగిరి జామచెట్టు మీదికి పోయింది. ఎండెక్కేదాకా ముత్తి ఆ చెయ్యి దించలేదు. తర్వాత లోపలికెళ్ళి నూకలు తెచ్చి, చిలకను పట్టి అతడి చేతిలో పెట్టింది. "పిట్టేగా. తీసుకో" అంది.

మధుకేతు దాని మెడ విరిచాడు. కొండమీద కరాళుడు కూలిపోయాడు. అన్నలిద్దరూ ఒళ్ళు విరుచుకుని లేచారు.

రేవులో దీపం వెలిగించారు. అందరికన్నా ముందు ముత్తే వచ్చి మొక్కింది.

"నాయనా, ఇక నేను వెలుగులో కలుస్తానా?"

"కలుస్తావు అవ్వా."

"మా గవ్వ అక్కడే ఉంటుందా?"

మధుకేతు వంగి దీపం వత్తి సరిచేశాడు. పుట్టి అబద్ధమాడినవాడు కాడు. రణకేతే అందుకున్నాడు: "బతికుండగా మొక్కలేదుగా. చీకట్లో ఉంటుంది."

"నిన్నటిదాకా మా గుమ్మం ముందుండేది" అంది ముత్తి. మధుకేతు వైపు తిరిగి అడిగింది. "ఆ పిట్టతో నీకేం పని పడింది?"

అప్పుడు చెప్పాడు, ఉన్నదున్నట్టు.

"ఈ ముక్క ముందే అడగకపోయావా? మాలో సాగనంపే పద్ధతి ఉంది. నూకలు పెట్టి మూడుసార్లు 'పోయి రా తల్లీ' అంటే, వెనక్కి చూడకుండా సముద్రం దాటి పోతాయి. వాడి ప్రాణమూ దాంతోనే పోయి, వాడు కూలేవాడు. నీకూ అమ్మ ఉంది కదా, ఆమె కొడుకుల కోసం నా బిడ్డను పంపేదాన్ని. నువ్వు నాచేత పిట్టను ఇప్పించావు."

అన్నదమ్ములు ఇంటికి చేరారు. కొన్నాళ్ళకు మధుకేతు రాజయ్యాడు, పొరుగు రాకుమారిని పెళ్ళాడాడు, నలభై ఏళ్ళు ఏలాడు. దీపం తన రాజ్యపు రేవు దాటకూడదని శాసనం వేశాడు. సుఖంగా ఉన్నాడా అని నన్నడక్కండి. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, నాకు తెలిసింది అంతే.

ముత్తి మళ్ళీ దీపానికి మొక్కలేదు, నూకలూ పట్టలేదు. పొద్దున్నే అలవాటు కొద్దీ గుమ్మంలోకి వచ్చేదట. ఎందుకొచ్చిందో గుర్తొచ్చేదాకా నిలబడి, లోపలికి పోయేదట.