జపాన్ టేపు, రేపల్లె టీవీ

రేపల్లెలో తెలివి గురించి మాటొస్తే అందరూ మా ఇంటివైపే చూస్తారు. నవ్వుతూ ఎందుకు చూస్తారో నాకింతవరకూ అర్థం కాలేదు. మా అన్నయ్య వీరాస్వామికి తెలివి ఎక్కువ. తమ్ముడు గురవయ్యకి ఇంకా ఎక్కువ. నాకు కాస్త తక్కువే. అందుకే ఈ సంగతి రాసే పని నామీద పడింది.

మా మేనత్త రంగనాయకమ్మ ఒకప్పుడు పేరున్న నాట్యగత్తె. ఆవిడ కూతురు నీలవేణి డాన్సు ఆడటానికి జపాన్ వెళ్తోంది. అత్తకేమో కాలు విరిగింది.

"అక్కడ ఎలా ఆడావో నా కళ్ళతో చూస్తేగానీ నా గజ్జెలు నీకివ్వనే," అంది అత్త.

నీలవేణికి ఆ గజ్జెలంటే ప్రాణం. ఇంకేముంది, వీడియో తియ్యడానికి ముగ్గురం బయల్దేరాం.

టీవీలు బాగుచేసే సైదులు బస్సుదాకా వచ్చి మరీ చెప్పాడు. "అక్కడి వీడియో పద్ధతి వేరు బాబూ. మన కెమెరాతోనే తియ్యండి."

జపాన్‌లో దిగగానే అన్నయ్య నిగనిగలాడే కెమెరా ఒకటి కొన్నాడు.

"సైదులు మన కెమెరా అన్నాడు కదన్నయ్యా?"

"డబ్బులిచ్చి కొన్నాక మనది కాక మీ మామగారిదా?"

అంతే, ఆ కెమెరా సంచి నేనే భుజానికి తగిలించుకున్నాను.

ఇంటికొచ్చి టేపు పెడితే టీవీ నిండా గీతలే.

"చారల చీర బాగుంది గానీ, పిల్లేదిరా?" అంది అత్త.

సైదుల్ని పిలిచాం. "మన టీవీ సెకనుకి పాతిక ఫోటోలు చూపిస్తుంది. జపాన్ టేపులో ముప్ఫై ఉంటాయి. పట్నం పంపితే మార్చిస్తారు, అందాకా ముట్టుకోకండి," అని వెళ్ళిపోయాడు.

"ఎక్కువైంది తీసెయ్యడానికి పట్నం దాకా ఎందుకు?" అన్నాడు గురవయ్య. అత్త కుట్టుపెట్టెలోంచి కత్తెర తెచ్చి, టేపంతా బయటికి లాగి, ముప్ఫై జానలకి అయిదు జానల చొప్పున కోసి, మిగిలింది దారంతో కుట్టేశాడు. కుట్టు మాత్రం చక్కగా కుదిరింది. వీసీఆర్ దాన్ని నమిలి మింగేసింది.

మళ్ళీ వచ్చిన సైదులు నెత్తి బాదుకున్నాడు. "ఇంక నీలవేణమ్మే టీవీలో దూరి ఆడాలి!"

"ఆ మాట ముందే ఏడవచ్చుగా!" అని కసిరాడు అన్నయ్య.

నీలవేణి మెల్లిగా అంది, "బావా, అమ్మ ముందు ఇక్కడే ఆడేస్తే?"

"పిచ్చిదానా, ఇక్కడ ఆడితే అది రేపల్లె డాన్సు. అత్త చూడాల్సింది జపాన్ డాన్సు," అన్నాడు అన్నయ్య.

నిజమే కదా అనుకుంది. ఎంతైనా మా రక్తం.

టీవీ అద్దం ఊడదీసి, లోపలి సామానంతా దొడ్లో కుప్ప పోశాం. నీలవేణి వెనకనించి నడుం దాకా దూరి, కళ్ళూ చేతులూ తిప్పుతూ ఆడింది.

"కాళ్ళేవిరా?" అంది అత్త.

"కాళ్ళకి వేరే టేపు ఉందత్తా," అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గజ్జెలు ఒళ్ళోకి తీసుకుంది. "నా బంగారు తల్లి! ఏదిరా నీలవేణి?"

"ఇక్కడే ఉన్నానమ్మా," అంది టీవీ.

"నువ్వు జపాన్‌లో ఉన్నావులే. ఇంట్లో ఉన్నదాన్ని పిలవండి."

నీలవేణి పెట్టెలోంచి బయటపడి, దొడ్డిదారిన వెళ్ళి, వీధి గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చింది.

"వచ్చావా? నా పక్కన కూర్చో. ఎక్కడ బాగా ఆడావో చూపించి మరీ గజ్జెలిస్తాను. ఒరేయ్, మళ్ళీ వెయ్యండి!"

నీలవేణి ఆశగా తల్లి పక్కన కూర్చుంది. అన్నయ్య టీవీ మీద తట్టాడు. పెట్టె ఖాళీ. తల దూర్చి అటూ ఇటూ చూశాడు. నిట్టూర్చాడు.

"చూశారా, మళ్ళీ పద్ధతి మారిపోయింది! ఈసారి జపాన్‌లో రెండు కెమెరాలు కొనాలి."

అంతే, నేను సంచి సర్దడం మొదలుపెట్టాను.