గవ్వమ్మ మూసిన కన్నాలు

అనగనగా ఓ అడవి. ఆ అడవిలో వాగు గట్టున ఓ ఎలుకల వాడ ఉండేది పిల్లలూ. అక్కడ గవ్వమ్మ అనే తల్లి ఎలుక, గింజ అనే బుల్లి కొడుకు ఉండేవాళ్లు. వాళ్లది నాలుగు కన్నాల కలుగు. ఒకవైపు ఆపదొస్తే ఇంకోవైపు నుంచి పారిపోవాలిగా!

ఒకరోజు ఉడుమొకటి వచ్చి పక్కనే గూడు కట్టుకున్న పూరేడు పిట్ట గుడ్డు ఎత్తుకుపోయింది. అందరూ కలిసి దాన్ని కొండ అవతలిదాకా తరిమేశారు. అక్కడితో అయిపోయింది.

ఊరికే కబుర్లు మోసే గోరింకకి మాత్రం అయిపోలేదు. కబురు లేకపోతే దాని చుట్టూ ఎవరు చేరతారు?

మర్నాడు చింతకొమ్మ మీద కూర్చుని, "గుడ్డు పోయిందర్రోయ్!" అని అరిచింది.

గవ్వమ్మ "అమ్మో, ఇంకోటా!" అంటూ ఓ కన్నాన్ని రాళ్లతో, మట్టితో పూడ్చేసింది.

రెండోరోజు మద్దికొమ్మ మీంచి అదే అరుపు. గవ్వమ్మ ఇంకో కన్నం పూడ్చింది. పక్క కలుగువాళ్లూ తమ కన్నాలు పూడ్చుకున్నారు.

మూడోరోజు గోరింక గొంతు తగ్గించింది. "ఇవాళ గుడ్లు... రేపు పిల్లలు కాదని ఎవరు చెప్పొచ్చారు?"

మూడో కన్నమూ మూసుకుపోయింది. వాగు వైపు పల్లంలో, పొదచాటున ఉన్నదొక్కటే మిగిలింది.

"అమ్మా, ఊపిరాడట్లేదే," అన్నాడు గింజ.

"ష్! దొంగలు వింటార్రా."

సాయంత్రం పైన అడుగుల చప్పుడు.

"గవ్వమ్మా, నేను, పూరేడుని. పోయింది నా గుడ్డు ఒక్కటే! గోరింక రోజూ దాన్నే అరుస్తోంది. మబ్బు పట్టింది, పైకన్నం తెరువు తల్లీ."

గవ్వమ్మకి అనుమానమొచ్చింది. ‘దొంగే గొంతు మార్చాడేమో!’ కొడుకు నోరు గట్టిగా మూసి, ఉలకకుండా కూర్చుంది.

వాన దంచింది. వాగు పొంగింది. పల్లపు కన్నంలోంచి నీళ్లు లోపలికొచ్చాయి. కాళ్లు మునిగాయి. పొట్ట మునిగింది. గవ్వమ్మ గింజని నెత్తిన ఎత్తుకుని, తను పేర్చిన రాళ్లనే గోళ్లూడేలా పీకింది.

"ఎవరైనా రండర్రా! నా బిడ్డ!"

పక్క కలుగులోంచి గుసగుస వినిపించింది. "తియ్యకు! దొంగలే అలా ఏడుస్తారు."

పూరేడొక్కతే తడుస్తూ పరిగెత్తుకొచ్చింది. కాళ్లతో మట్టి గీకింది, ముక్కుతో రాళ్లు తోసింది. గింజని బయటికి లాగి రెక్క కింద పెట్టుకుంది. వాడి ఒళ్లు చల్లబడిపోయింది. చాలాసేపటికి దగ్గి, "అమ్మా" అన్నాడు.

"నిన్ను దొంగవనుకున్నా వదినా," అంది గవ్వమ్మ.

"తర్వాత ఏడుద్దువుగాని. పక్క కలుగులోకీ నీళ్లెళ్తున్నాయి. పద!"

ఇద్దరూ వెళ్లి పిలిచారు. లోపల ఎవరూ పలకలేదు. వాళ్లు వింటున్నారని, ఒకళ్ల నోరొకళ్లు మూస్తున్నారని గవ్వమ్మకి తెలుసు.

ఇంక పిలవలేదు. నెత్తురోడే చేతుల్తో వాళ్ల రాళ్లు పీకడం మొదలుపెట్టింది.

నీతి: ఒక్క దొంగతనం గురించి పదిసార్లు వింటే అది పది దొంగతనాలైపోదు. ఆ భయంతో అన్ని దారులూ మూసుకుంటే, దొంగతో పాటు సాయానికొచ్చేవాళ్లు కూడా బయటే ఉండిపోతారు.