వచ్చారుగా, పదండి

పౌర్ణమి నడకకి నరసమ్మగారికి రావద్దని చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియక సుమేధుడు రెండు రోజులుగా తల పట్టుకు కూర్చున్నాడు.

విశాఖలో ఊరి మధ్యనే ఒక చిన్న బౌద్ధ విహారం ఉంది. అక్కడ ఉండేది పెద్ద భిక్షువు ఒకాయన, ఆయన శిష్యుడు సుమేధుడు, అంతే. పెద్దాయన్ని అందరూ భంతే అని పిలుస్తారు. ప్రతి పౌర్ణమికీ విహారానికి వచ్చే నలుగురైదుగురిని వెంటబెట్టుకుని, వెనకున్న కొండ పార్కు ఎక్కి, సముద్రం కనిపించే చోట కాసేపు ధ్యానంలో కూర్చుని దిగి రావడం అలవాటు.

ఏర్పాట్లన్నీ సుమేధుడివే. కాషాయం కట్టకముందు యాత్రల బస్సులు నడిపే కంపెనీలో పనిచేశాడు. జుట్టయితే తీయించుకున్నాడు గాని ఆ హడావుడి మాత్రం పోలేదు. ఏ మలుపులో బెంచీ ఉంది, ఎక్కడి కుళాయి పనిచేస్తుంది, ఏ దారిలో కోతులు తక్కువ, అన్నీ అతనికి నోటికొచ్చు.

ఒక్కటే చిక్కు. భంతే తినేది రోజుకి ఒక్కపూట. అది కూడా మధ్యాహ్నం పన్నెండు దాటితే ముట్టరు. కోతుల బెడద వల్ల పార్కులోకి తిండి తీసుకెళ్ళనివ్వరు. కాబట్టి ఎక్కడం, కూర్చోవడం, దిగడం అన్నీ ఆ వేళలోపే తెమలాలి. పోయిన పౌర్ణమికి నరసమ్మగారి మూలంగా అది కాస్తా తప్పిపోయేదే.

నరసమ్మగారు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. గుండె ఆపరేషన్ అయ్యాక కొంచెం కొంచెంగా నడవమని డాక్టర్లు చెప్పారు. ఆ రోజు మూడో మలుపు దాకా వచ్చి, గట్టు మీద కూలబడి, ఇక నా వల్ల కాదని దిగిపోయారు. అప్పటినుంచి భయం పట్టుకుని ఇంట్లో మేడ మెట్లెక్కడం కూడా మానేశారట. ఇప్పుడు ఎలాగో ధైర్యం కూడదీసుకుని, ఈసారి పైదాకా వస్తానంటున్నారు.

సుమేధుడు చివరికి సంగతంతా భంతేకే చెప్పాడు. "దారి కష్టంగా ఉంటుందా?" అని ఏమీ తెలియనట్టు అడిగారు భంతే.

"అయ్యో, చాలా తేలిక భంతే. చిన్నపిల్లలు ఆడుకుంటూ ఎక్కేస్తారు."

"మరి ఆవిడ?"

"ఆవిడ కోసం ప్రతి మలుపులోనూ ఆగాం. ఎంతసేపు ఆగినా లాభం లేకపోయింది. ఈసారి మీ భోజనం పోతుంది. నేను చూస్తూ ఊరుకోలేను." సుమేధుడి గొంతు కొంచెం పెరిగింది.

"రేపు మనిద్దరం వెళ్ళి దారి చూసొద్దాం. అందరి చాపలూ నీళ్ళ సీసాలూ నువ్వే మోద్దువుగాని" అన్నారు భంతే.

మర్నాడు పొద్దున భంతే చేతులూపుకుంటూ ముందు నడిచారు. బరువుతో సుమేధుడు వెనకబడ్డాడు. మొదటి మలుపులో ఆయన బెంచీ మీద తీరిగ్గా కూర్చుని ఉన్నారు. సుమేధుడు చేరుకుని చాపల కట్ట దించబోయాడు.

"వచ్చావా? పద" అంటూ భంతే లేచారు.

రెండో మలుపులోనూ అదే తంతు. సంచి పట్టీ భుజాన్ని కోస్తోంది. సీసా మూత తిప్పుతున్నాడో లేదో, "వచ్చావుగా, పద" అని ఆయన నడక మొదలుపెట్టారు. గురువుగారికి ఏమైందో సుమేధుడికి అంతుపట్టలేదు. అడగడానికి ఊపిరి కూడా లేదు.

మూడో మలుపు చేరేసరికి చెమట కళ్ళల్లోకి కారుతోంది. గుండె దడదడా కొట్టుకుంటోంది. పెద్దాయన మాత్రం చల్లగాలికి కళ్ళు మూసుకుని హాయిగా ఉన్నారు. అడుగుల చప్పుడు విని, కళ్ళు తెరిచి, లేచి నిలబడ్డారు.

సుమేధుడికి ఒళ్ళు మండిపోయింది. "ఏమిటి భంతే ఇది! నన్ను కాసేపు ఆగనివ్వరా?"

"ప్రతి మలుపులోనూ ఆగుతూనే ఉన్నాం కదా."

"ఆగింది మీరు! నేను వచ్చేసరికల్లా మీరు..."

మాట పూర్తి కాలేదు. పోయిన పౌర్ణమికి ఇదే చోట, రొప్పుతూ వచ్చిన నరసమ్మగారితో తనేమన్నాడో గుర్తొచ్చింది. ఎంతో మర్యాదగా, నవ్వుతూ అన్నాడు. "హమ్మయ్య, వచ్చారుగా, పదండి." మొదటి మలుపులోనూ అదే అన్నాడు, రెండో మలుపులోనూ అదే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

భంతే చాపల కట్ట తీసి తన భుజాన వేసుకున్నారు.

పౌర్ణమి రోజు సుమేధుడు అందరికంటే వెనక, నరసమ్మగారి పక్కన నడిచాడు. ప్రతి మలుపులోనూ ముందు ఆవిడని కూర్చోబెట్టాడు. ఆవిడ తనంతట తను లేచేదాకా ఎవరినీ కదలనివ్వలేదు. మూడో మలుపు దాటారు. నరసమ్మగారి ముఖం విప్పారింది. కానీ ఎండ ముదిరిపోతోంది.

ఆఖరి మలుపులో ఆవిడ మళ్ళీ బెంచీ మీద కూర్చున్నారు. పైన సముద్రం చూసే చోటి రెయిలింగు కనిపిస్తోంది. బ్యాంకులో పనిచేసే లోకనాథం గడియారం చూసుకుని, "ఇప్పుడే వెనక్కి తిరిగితేనే భంతే భోజనం దక్కుతుంది" అని గొణిగాడు. గొణిగినా అందరికీ వినిపించింది.

నరసమ్మగారు గబుక్కున లేవబోయి, గుండె పట్టుకుని మళ్ళీ కూలబడ్డారు.

"ఏటి బాబూ, నా మూలాన పెద్దాయన పస్తుండాలా? ఇంక నాకొద్దు ఈ కొండ. నన్నెవరైనా కిందకి దింపీండి." ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు.

అందరూ సుమేధుడి వైపు చూశారు. ఇప్పుడు దిగిపోతే ఆవిడ ఇంకెప్పుడూ ఇంట్లోంచి కదలరు. దిగకపోతే గురువుకి అన్నం లేదు. నిన్న మధ్యాహ్నం తర్వాత ఆయన కడుపులోకి మెతుకు వెళ్ళలేదని అతనికి తెలుసు. వండి వడ్డించేది తనే.

"భంతే," అన్నాడు సుమేధుడు. "ఆకలేస్తోందా?"

"వేస్తోంది" అన్నారు భంతే.

ఆయన వెళ్ళి బెంచీ మీద నరసమ్మగారి పక్కన కూర్చున్నారు. కొంచెం జరిగి, శిష్యుడికి కూడా చోటిచ్చారు.

"కూర్చో."