పెంచలయ్య మేస్త్రీ వేయని ముద్ర

"నా కప్పుకు మీ ముద్ర ఎందుకు వేయరు మేస్త్రీ?" అని మస్తానయ్య అడిగేశాడు.

గూడూరు వైపు పెంచలయ్య మేస్త్రీ పేరు చెబితే పింగాణి పేరు చెప్పినట్టే. శిష్యుడు చేసిన కప్పును ఆయన ఎండకెత్తి చూసేవాడు. వెనక పెట్టిన వేళ్ళ నీడ ఇవతలికి కనపడితే, బొటనవేలు నీలంరంగులో ముంచి కప్పు అడుగున నొక్కి, సన్నసెగ మీద మరోసారి కాల్చేవాడు. ఆ ముద్ర పడినవాడే సొంత బట్టీ పెట్టుకోవాలి, అది అక్కడి కట్టడి. మస్తానయ్య కప్పులో వేళ్ళ నీడ తేటగా కనపడింది. అయినా మేస్త్రీ దాన్ని ఊరికే కింద పెట్టేశాడు. ముందురోజు పలుగురాయి నూరే మిల్లులో పనిచేసేవాళ్ళ ఇంట్లో చావుకు వెళ్ళొచ్చినప్పటి నుంచీ ఆయన అదోలా ఉన్నాడు.

మస్తానయ్యకు ఒళ్ళు మండింది. అదే తెల్లమట్టి, మంటకు కరిగి అతికించే అదే ఫెల్‌స్పారు రాయి, అదే పలుగురాయి పొడి. పాళ్ళూ అవే. పైగా తన కప్పు గురువు కప్పుకన్నా తెలుపు. ముసలాయనకు కడుపుమంటేమో అని కూడా అనుకున్నాడు, దాచడమెందుకు.

మేస్త్రీ కప్పును తువ్వాలులో చుట్టాడు. "పదరా అబ్బయా, మిల్లు దాకా పోయొద్దాం," అన్నాడు.

మిల్లులో పొడి రేగి పట్టపగలే మంచు కమ్మినట్టుంది. మేస్త్రీ ఎప్పుడూ పలుగురాయిని నీళ్ళతో తడిపే నూరించేవాడు. అది ఆరడానికి వారం పడుతుంది. ఆ ఓపిక లేక మస్తానయ్య రెండేళ్ళుగా తన సరుకు మాత్రం గుట్టుగా, పొడిగానే, మైదాపిండిలా నూరించుకుంటున్నాడు. ఆ పొడి జల్లించే చెంచమ్మ బయటికొచ్చి గోడకు చేరగిలబడింది. ముప్పై దాటిన మనిషి, అరవై అంటే నమ్ముతాం.

మేస్త్రీ పొగలు కక్కే టీ తెప్పించి, శిష్యుడి కప్పులోనే పోసి ఆమె చేతికిచ్చాడు.

"ఊదుకుని తాగమ్మా."

చెంచమ్మ ఊదింది. టీ మీది ఆవిరి కదల్లేదు. మళ్ళీ ఊదబోయింది, దగ్గుతెర వచ్చి వంగిపోయింది.

"ఊపిరి చాలట్లేదు సామీ. నీళ్ళు పోయకుండా నూరడం మొదలెట్టిన కాణ్ణించీ ఇంతే. నాతో జల్లించినోళ్ళు ఇద్దరు పోయారు. నిన్నటామె మూడు." అదేదో తన తప్పయినట్టు సిగ్గుపడి, కప్పు నిండుగానే తిరిగిచ్చేసింది.

మస్తానయ్య కప్పు అందుకున్నాడు. ఆమె ముఖం చూడలేకపోయాడు. ఏం చేయాలో తోచక టీ పారబోసి, పక్కనున్న నీళ్ళ బక్కెట్టు వైపు వంగాడు. కప్పు నిగనిగల మీద, చెమటా పొడీ కలిసి, చెంచమ్మ బొటనవేలు గీతలతో సహా అచ్చు దిగి ఉంది.

మేస్త్రీ అతని మణికట్టు పట్టుకున్నాడు.

"కడక్కురా. ముద్ర కావాలన్నావుగా."