పళ్ళు లేని కొండమ్మకు పళ్ళ పానకం

మూడు కొండలు భుజాలు ఆనించి నిలబడ్డ చోట పనసలోవ అనే అడవి ఉండేది. అందులో దుప్పులు, అడవిపందులు, కొండముచ్చులు, ఎలుగుబంట్లు, ముళ్ళపందులు, పునుగుపిల్లులు, లెక్కకు అందనన్ని పిట్టలు కలిసి బతికేవి. వేసవి వచ్చిందంటే మామిళ్ళు, పనసలు, అరటి గెలలు, అనాసలు, బొప్పాయిలు అన్నీ ఒక్కసారే పండేవి. గాలి మారినప్పుడల్లా అడవికి ఒక్కో వాసన వచ్చేది.

ఆ అడవిలో అందరికంటే పెద్దది కొండమ్మ అనే ఏనుగు. డెబ్బై వేసవులు చూసింది. ఆమె నడిచిన చోటే దారులు పడ్డాయి. ఆమె వంచిన కొమ్మల ఆకులు తినే దుప్పి పిల్లలు పెరిగాయి. ఒక ఏడాది కొండమీద నిప్పు రేగితే, పొదలన్నీ తొక్కి వెడల్పాటి బాట వేసి, మంట దాటి రాకుండా ఆపింది ఆమే. అందుకే చిన్నా పెద్దా అందరూ ఆమెను అవ్వా అని పిలిచేవాళ్ళు.

ఆ వేసవిలో కొండమ్మ చిక్కిపోసాగింది. ముందు బుగ్గలు లోపలికి పోయాయి. తర్వాత వెన్నెముక పైకి తేలింది. ఆమె నిలబడిన చోటల్లా సగం నమిలి ఉమ్మేసిన గడ్డి ఉండలు కనిపించేవి. ఒకరోజు దుప్పి దగ్గరికి వెళ్ళి ఏమైందని అడిగింది.

"నాకు పళ్ళు లేవమ్మా" అంది కొండమ్మ.

అడవి నిండా పళ్ళు ఉన్నాయి కదా, ఏవి కావాలంటే అవి తెచ్చిపెడతానంది దుప్పి.

కొండమ్మ నవ్వి నోరు తెరిచి చూపించింది. ఏనుగు నోట్లో నమిలే పళ్ళు ఆరుసార్లు వస్తాయి. ఆరోసారి వచ్చినవి అరిగిపోతే ఇక రావు. కొండమ్మ పళ్ళు చిగుళ్ళ దాకా అరిగిపోయి ఉన్నాయి. గడ్డి నలగదు, బెరడు నలగదు, ఆకు కూడా నలగదు. మెత్తటి పండు పెట్టినా పైతోలు, పీచు గొంతుకు అడ్డం పడుతున్నాయి.

ఆ కబురు తెలిసి అడవి జంతువులన్నీ ఊటబండ దగ్గర చేరాయి. అది చల్లటి నీటి ఊట పక్కనున్న పెద్ద నల్లబండ. ఎన్నో ఏళ్ళు నీళ్ళు పడి పడి దాని మధ్యలో రోలులాంటి లోతైన గుంట ఏర్పడింది. నమలలేని అవ్వకు నమిలే పని లేని తిండి పెట్టాలని, పళ్ళు ఆ గుంటలో నూరి పానకం చేసి తాగించాలని అందరూ అనుకున్నారు.

జడలయ్య అనే ఎలుగుబంటి ముందుకు వచ్చాడు. అతనికి ఒళ్ళంతా జడలు కట్టిన నల్లటి బొచ్చు, పలుగుల్లాంటి గోళ్ళు. ఎంత పెద్ద పనసకాయనైనా ఒక్క దెబ్బకు చీల్చగలడు. పళ్ళ సంగతి తనకు తెలిసినంత ఈ లోవలో ఎవరికీ తెలియదని, ఈ పని తనకు వదిలేయమని చెప్పాడు. చేతికి అందిన కాయా పండూ అన్నీ తెచ్చి పోయమన్నాడు.

అప్పుడు పైకొమ్మ మీది నుంచి జవ్వాజి అనే పునుగుపిల్లి కిందికి దిగింది. అది బక్కపలచటి ప్రాణి. పగలంతా చెట్టుతొర్రలో పడుకుని సంధ్యవేళ తిరుగుతుంది కాబట్టి చాలామంది దాన్ని చూసింది తక్కువ. కానీ దాని ముక్కు గొప్పది. చెట్టుకు వంద పళ్ళు ఉంటే, సరిగ్గా పండిన ఒక్కదాన్ని వాసనతో పట్టుకునేది.

"జడలయ్య మామా, చెట్టు మీది కాయలన్నీ ఒకే రోజు పండవు. రేపటిదాకా ఆగితే ఏది పక్వానికి వచ్చిందో నేను చూసి చెబుతాను. పనస జిగురు, అనాస కళ్ళు తీసేయకపోతే అవ్వ గొంతు మండుతుంది" అంది జవ్వాజి.

జడలయ్య దాన్ని పైనుంచి కిందికి చూశాడు. "ఒక పనసపండును ఎత్తలేనిదానివి, నాకు పాఠం చెబుతావా?" అన్నాడు.

కొండముచ్చులు నవ్వాయి. జవ్వాజి వెళ్ళి మళ్ళీ కొమ్మ మీద కూర్చుంది.

జడలయ్య గుంటలో పచ్చి బొప్పాయిలు వేశాడు. జిగురు కారుతున్న పనసకాయలు ముళ్ళతోసహా వేశాడు. అనాసలు తొక్క తీయకుండా, పుల్లమామిడి టెంకలతో కలిపి పడేశాడు. పెద్ద రాయి ఎత్తి దబదబా దంచాడు. బండ అదిరింది. కాసేపటికి గుంటలో బూడిదరంగు ముద్ద తయారైంది.

కొండమ్మ తొండం ముంచి, ఆగి, జడలయ్య ముఖం చూసింది. అతని మనసు నొప్పించడం ఇష్టం లేక తాగింది. నాలుగు గుక్కలు పడగానే ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాలుక పొక్కింది. గొంతు మండింది. ఆమె మెల్లగా మోకాళ్ళు వంచి నేలమీద ఒరిగిపోయింది.

కొండమ్మ పగటిపూట పడుకోవడం అడవిలో ఎవరూ చూడలేదు. పిట్టలు కూడా అరవడం మానేశాయి.

తప్పు పానకంలో లేదని, అవ్వ ముసలితనంలో ఉందని జడలయ్య వాదించాడు. నిరూపిస్తానని గుంటలో మిగిలిందంతా తానే తాగాడు. అతని పెదవులు ఉబ్బాయి. పనస జిగురు మూతికీ బొచ్చుకీ పట్టి ఆరిపోయింది. ఇంకా ఏదో చెప్పబోయాడు, నోరు తెరుచుకోలేదు. చేతులతో లాగబోతే చేతులు మూతికి అంటుకున్నాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరూ అవ్వ చుట్టూ ఉన్నారు.

జవ్వాజి కొమ్మ దిగి వచ్చింది. ముందు కొండమ్మ దగ్గరికి వెళ్ళి, లేత తాటిముంజల నీళ్ళు గొంతులో పోయమని కొండముచ్చులకు చెప్పింది. మంట తగ్గి కొండమ్మ కళ్ళు తెరిచింది. తర్వాత జవ్వాజి ఇప్పగింజలు నలిపి, వాటి నూనె తీసుకుని జడలయ్య దగ్గరికి వెళ్ళింది. జిగురు మీద రాసి, వెంట్రుక వెంట్రుకా విడదీసింది.

మూతి విడిపోయాక జడలయ్య తల వంచి, "నీకు ఏం కావాలో చెప్పు, నేను మోస్తాను" అన్నాడు.

ఆ సాయంత్రం జవ్వాజి చెట్టుచెట్టుకూ తిరిగింది. మామిడిపండు తొడిమ దగ్గర ముక్కు ఆనించి వాసన చూసింది. తేనెలాంటి తీపి తగిలితేనే కోయించింది. పైన గోధుమరంగు చుక్కలు పడ్డ అరటిపళ్ళే ఏరింది. పనసల్లో కొన్నింటిని తట్టి వదిలేసింది. ఒకదాని దగ్గర మాత్రం కళ్ళు మూసుకుని నిలబడిపోయింది. జడలయ్య ఆ పండు పక్కన ముక్కు పెట్టి, తాను ఇన్నేళ్ళు తిన్న పనసల వాసన ఇదేనా అని ఆశ్చర్యపోయాడు. ఎప్పుడూ అంత నెమ్మదిగా అతను వాసన చూడలేదు.

పళ్ళన్నీ అరటాకుల్లో చుట్టి రాత్రంతా ఊటనీళ్ళలో ముంచి ఉంచారు. తెల్లవారుజామున ముళ్ళపంది తన ముళ్ళతో అనాస కళ్ళు ఒక్కొక్కటే తీసింది. కొండముచ్చులు మామిడి టెంకలు తీసి, పనసతొనల్లో గింజలూ పీచూ ఏరేశాయి. ఊటనీళ్ళతో గుంటను మూడుసార్లు కడిగారు. జడలయ్య వాగులోంచి నున్నటి గుండ్రాయి మోసుకొచ్చాడు.

ముందు అరటిపళ్ళు వేయమంది జవ్వాజి. దంచవద్దు, తిప్పు అని చెప్పింది. జడలయ్య రాయిని గుండ్రంగా తిప్పాడు. అరటి మెత్తని వెన్నలా అయింది. అప్పుడు మామిడిగుజ్జు, పనసతొనలు, పండిన బొప్పాయి వేశారు. అనాస మాత్రం రెండు ముక్కలే, పులుపు తగిలేటంత. పీచు కనపడకుండా పోయేదాకా తిప్పి, తాటిముంజల నీళ్ళు పోసి పలచబరిచారు. పుట్టతేనె చివర్న పోశారు.

అప్పుడే కొండ అంచు దాటి సూర్యుడు వచ్చాడు. మొదటి వెలుగు నేరుగా గుంటలో పడింది.

నల్లబండ మధ్యలో బంగారం కరిగి నిలిచినట్టు ఉంది. దాని మీద సన్నటి నురుగు, నురుగులో వేయి చిన్న సూర్యుళ్ళు. లోవలోని పళ్ళ వాసనలన్నీ ఒకే వాసనగా మారి నెమ్మదిగా లేచి, బండ దాటి, పొదలు దాటి, కొండలెక్కాయి. మేస్తున్న దుప్పులు తలలెత్తాయి. అడవిపంది పిల్లలు తల్లుల వెనక నిలబడిపోయాయి. తాము రోజూ కొరికి పారేసే పళ్ళల్లో ఇది దాగి ఉందని ఎవరికీ తెలియదు. జడలయ్య రాయి పట్టుకున్న చేతులను చూసుకున్నాడు.

కొండమ్మ పడుకునే తొండం చాచింది. కొస ముంచింది. ఒక గుక్క తాగి ఆగింది.

అడవంతా ఊపిరి బిగబట్టింది.

కొండమ్మ చెవులు మెల్లగా కదిలాయి. మళ్ళీ తాగింది. ఆగకుండా తాగింది. గుంట ఖాళీ అయ్యాక బండను తొండంతో తడిమి, "నా చిన్నప్పుడు మా అమ్మ తిరిగిన అడవంతా ఇందులో ఉంది" అంది.

ఆ రోజు నుంచి ప్రతి తెల్లవారుజామునా పనసలోవ జంతువులన్నీ ఊటబండ దగ్గర చేరేవి. నాలుగోరోజు కొండమ్మ లేచి కూర్చుంది. తొమ్మిదోరోజు ముందుకాళ్ళు ఊని, ఒకసారి తూలి, నిలబడింది. ఆమె నీడ బండ మీదా, పొదల మీదా, అక్కడున్న అందరి మీదా పడింది. అంత పెద్ద ప్రాణి తమ చిన్న చిన్న చేతుల సాయంతో మళ్ళీ లేవడం చూసి దుప్పి ఏడ్చింది.

మామిళ్ళు అయిపోయాక నేరేళ్ళు, ఆ తర్వాత సీతాఫలాలు వచ్చాయి. ఏ పండు ఎప్పుడు కోయాలో, దేనికి ఏది కలపాలో అందరూ జవ్వాజినే అడిగేవాళ్ళు. కొండమ్మ మరో మూడు వేసవులు బతికింది. రోజూ సంధ్యవేళ అడవిలో అతి పెద్దదైన ఆమె నెత్తి మీద ఆ బక్కపలచటి పునుగుపిల్లి కూర్చుని, ముక్కు పైకెత్తి, దారి చూపించేది. వెనకాల జడలయ్య పళ్ళు మోసుకుంటూ, మధ్యలో ఒక్కొక్కటీ ముక్కుకు ఆనించి వాసన చూస్తూ నడిచేవాడు.

నీతి: బలం పండును నలపగలదు, కానీ అది పండిందో లేదో చెప్పలేదు. తెలిసినవాళ్ళు ఎంత చిన్నవాళ్ళైనా వాళ్ళ మాట వినాలి.